మిరపను ఎరగని మట్టి

కోడలు వాగులో దిగి బురద పిసుకుతుందని నలుగురిలో చెప్పుకోవడం ఏ అత్తకైనా కాస్త ఇబ్బందే. శేషారత్నానికీ మొదట్లో అలాగే ఉండేది. "మీ బిందు ఏదో పెద్ద చదువు చదివిందన్నావు, తీరా చూస్తే మోకాళ్ళదాకా మురుగులో ఉందేంటి" అని పక్కింటావిడ అడిగితే, "పరిశోధనలే" అని మాట దాటేసేది. అదేం పరిశోధనో తనకు తెలిస్తేగా చెప్పడానికి. వాగు గట్టు మీద రేకుల షెడ్డులో ఒక ప్రయోగశాల, దానికి పెద్దగా దేవసహాయం గారు, ఆయన కింద హిమబిందు. కొడుకు కోటేశు కోల్డ్ స్టోరేజీలో కరెంటు పని చూసుకుంటాడు. భర్త పోయాక రెండెకరాల మిరప చేను శేషారత్నం ఒంటిచేత్తో చేస్తోంది. ఇంట్లో ముగ్గురూ మూడు దారుల పోతారన్నమాట.

ఊటవాగు ఒకప్పుడు ఎలా ఉండేదో శేషారత్నానికి బాగా గుర్తు. తను కాపురానికి వచ్చిన కొత్తలో రెండు గట్ల మీదా వట్టివేరు దుబ్బులు, వాటి వెనక కానుగ చెట్ల నీడ, నీళ్ళంచున తుంగ. బిందె ముంచితే అడుగున ఇసుక కనిపించేది. తర్వాత ఎప్పుడో గుర్రపుడెక్క వచ్చి నీళ్ళ మీద పరుచుకుంది. అంచుల్లో లొట్టపీచు లేచింది. గట్లన్నీ సర్కారు తుమ్మ ఆక్రమించుకుంది. ఇక వాగులో నీళ్ళున్నాయని వాసనను బట్టి తెలుసుకోవలసిందే. మోటారు వేస్తే చాలు, పైపు మూతికి వేళ్ళు చుట్టుకుని ఆగిపోయేది. యంత్రాలు తెచ్చి తోడించారు, కూలీలను పెట్టి పీకించారు. వానలు పడగానే అంతకు రెట్టింపు మొలిచేది. మొండితనంలో దాన్ని మించింది లేదని ఊరంతా చేతులెత్తేసింది, ఒక్క బిందు తప్ప.

ఒక మధ్యాహ్నం కోడలు కారియరు మరిచిపోయి వెళ్తే, అది పట్టుకుని శేషారత్నం షెడ్డుకు పోయింది. బల్ల మీద రెండు గాజు తొట్లున్నాయి. రెంటి అడుగునా వాగు బురదే. ఒకదాంట్లో గుర్రపుడెక్క, ఇంకోదాంట్లో తుంగ. బిందు రెంటిలోనూ ఒక్కో గ్లాసుడు మసక నీళ్ళు పోసింది.

"ఏంటమ్మా అది, కలుపు మందా?"

"మందు కాదత్తయ్యా, ప్రాణమున్నవే. కంటికి కనపడవు, అంతే. వేరు దగ్గరకెళ్ళి నువ్వెవరివని అడుగుతాయి."

"అడిగితే వేరు చెప్పుద్దా?"

"వేరు కాదు, దాని చుట్టూ ఉన్న మట్టి చెప్పుద్ది. ఒకచోట వేల ఏళ్ళ నుంచి పెరిగిన మొక్కకి ఆ మట్టిలో చుట్టాలుంటారు, వాటిలాంటి చిన్న జీవులే. వాళ్ళు మావాళ్ళేనంటే ఇవి జోలికి పోవు. ఎవరూ ఎరగమంటే వేరులో నీళ్ళెక్కే దారి మూసేస్తాయి."

"పెళ్ళి భోజనాల్లో కొత్త మొహం కనపడితే ఆడపెళ్ళివారా మగపెళ్ళివారా అని అడిగినట్టు."

బిందు పగలబడి నవ్వింది. "అదే. ఇంత బాగా నేను దేవసహాయం గారికి కూడా చెప్పలేకపోయా."

అన్నం తిని, కారియరు కడుక్కుని, అత్తాకోడళ్ళు కాసేపు కబుర్లాడుకునే సరికి గుర్రపుడెక్క ఆకులు వాలిపోవడం మొదలెట్టాయి. తుంగ మాత్రం నిటారుగా ఉంది. శేషారత్నం తొట్టి చుట్టూ తిరిగి చూసింది. ఆ రోజు నుంచి పక్కింటావిడకు మాట దాటేయడం మానేసింది. పైపెచ్చు, అడక్కపోయినా చెప్పేది.

ఆ జీవులకు వాళ్ళు 'ఆనవాలు' అని పేరు పెట్టుకున్నారు. తొట్టిలో పనిచేసింది సరే, వాగులోకి వదలాలంటే దానికి ముందు చదువు చెప్పాలి. ఎవరు మనవాళ్ళో అది ఒక మట్టిలో పెరిగి నేర్చుకోవాలి. పొలాల మట్టి పనికిరాదు. ఏళ్ళ తరబడి మందులు కొట్టీ కొట్టీ అందులో చుట్టాలెవరూ మిగల్లేదు. మందు చుక్క పడని మట్టి ఎక్కడుందా అని బిందు బుర్ర బద్దలు కొట్టుకుంటుంటే తన పెళ్ళి గుర్తొచ్చింది. పాలికల్లో నవధాన్యాలు మొలకెత్తించడానికి పుట్టమన్నే తేవాలని అత్తగారు పట్టుబట్టి వాగు గట్టు మీది పుట్ట నుంచి తెచ్చింది. చెదలు నేల లోతుల్లోంచి పైకి మోసుకొచ్చిన మట్టి. నాగలి ఎరగదు, మందు ఎరగదు.

"అంతకంటే పవిత్రమైన మట్టి ఇంకేముంటదమ్మా" అంది శేషారత్నం. పాలుపోసి, పసుపూ కుంకుమా చల్లి, దణ్ణం పెట్టుకుని తనే గంపకెత్తి తెచ్చి ఇచ్చింది. దేవసహాయం గారు దాన్ని పరీక్షించి, ఇంత కల్తీలేని మట్టిని ఎక్కడా చూడలేదని మురిసిపోయారు. ముగ్గురిలో ఒక్కరికీ అనుమానం రాలేదు. ఎందుకొస్తుంది? పుట్టమన్ను మంచిదని మనకు ఉగ్గుపాలతో అలవాటైన మాట.

పంటలకు ముప్పు లేదని తేల్చుకోకుండా బయటికి వదల్లేదు. ఆ మాట చెప్పుకోవాలి. నర్సరీ నుంచి మిరప నారు తెప్పించి, అది పెరిగిన కొబ్బరిపొట్టు ట్రేలలోనే ఆనవాలు పోసి చూశారు. నారు నిక్షేపంగా ఉంది. అనుమతులు వచ్చాయి. తొలకరికి ముందు ఆనవాలును వాగులో వదిలారు.

తర్వాత జరిగింది చూడ్డానికి పక్క ఊళ్ళ నుంచి జనం వచ్చారు. గుర్రపుడెక్క తెప్పలు తెప్పలుగా ఎండి అడుగుకు దిగింది. లొట్టపీచు కర్రలై నిలబడింది. సర్కారు తుమ్మ మొండిగా కొన్నాళ్ళు తట్టుకుని చివరకు ఆకు రాల్చేసింది. అన్నేళ్ళ తర్వాత వాగు మీద ఎండ పడింది. బిందు అప్పటికే మడులు కట్టి పెంచిన వట్టివేరు పిలకలను గట్టు పొడవునా నాటింది. ఏ పిలక ఎక్కడ పెట్టాలో, ఏ వాలులో కానుగ, ఏ చదునులో తుంగ, అంతా ఆమె తలలోనే ఉండేది. ఎండకు చేతులు కమిలిపోయినా కూలీలతో సమానంగా వంగి పనిచేసింది. శేషారత్నం గట్టు మీద నిలబడి చూస్తూ, ఇంత ఓపిక ఈ పిల్లకు ఎక్కడిదా అనుకునేది. తను నలభై ఏళ్ళు చేలో వంగిన మనిషి. వంగి పనిచేసేవాళ్ళ విలువ ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు.

మిరప నాటే కాలానికి వాగు గలగలమంది. మోటారు పైపు మూతికి ఏదీ చుట్టుకోలేదు. శేషారత్నం మీట నొక్కితే కాలవలోకి నీళ్ళు ఎగిరి దూకాయి. కింది చేను యలమందది. మూడెకరాలు కౌలుకు చేస్తాడు. మనిషి ముక్కోపి, మనసు మంచిది. ఆ రోజు గట్టు మీద నిలబడి, "అక్కా, మీ కోడలికి సన్మానం చేయాలి. నేను డీజిలు ఇంజను అమ్మేసుకోవచ్చు ఇక" అన్నాడు. శేషారత్నానికి కడుపు నిండిపోయింది.

ఊళ్ళో అందరికంటే ముందు తడి పెట్టింది ఆమే. ఆ మోజులో రెండో తడి కూడా తొందరగానే పెట్టింది.

కాయ దిగుతున్న రోజుల్లో ఒక పొద్దున చేలోకి వెళ్ళేసరికి పైభాగంలో మొక్కలు తలలు వాల్చి ఉన్నాయి. నీళ్ళు లేక కాదు, పాదుల్లో తడి ఉంది. మరునాటికి వాలినవి లేవలేదు, పక్క సాళ్ళు వాలాయి. చూసిన వాళ్ళందరూ ఎండు తెగులన్నారు. మిరపకు తెగులు రావడం వింత కాదు గనుక శేషారత్నం కూడా అదేననుకుని, మందుల షాపుకు పోవడానికి చీర మార్చుకుంటుండగా బిందు, "ఒకసారి నేను చూసొస్తా ఆగండత్తయ్యా" అంది. ఇద్దరూ వెళ్ళారు.

బిందు ఒక మొక్కను పెరికి కాండం చీల్చి చూసింది. చేను చుట్టూ నడిచింది. మిరప గట్టున పురుగుకు ఎరగా వేసిన బంతి మొక్కలు కూడా వాలిపోయాయి. కావలి వరుసగా వేసిన జొన్న నిలబడే ఉంది. మధ్యలో వేసిన కంది నవనవలాడుతోంది. బిందు బంతి మొక్క పక్కన చతికిలబడింది.

"ఇది తెగులు కాదత్తయ్యా. మిరప తెగులైతే బంతికి రాదు."

"మరి?"

"ఆనవాలు. వాగు నీళ్ళతో తడికి కొంచెం చొప్పున చేలోకి వచ్చి, ఇన్నాళ్ళకు బలిసింది."

"అది పరాయి మొక్కల్నే కదా చంపేది."

"మిరప పరాయిదే." బిందు వాలిన పువ్వును పైకెత్తి వదిలేసింది. "బంతి కూడా. రెండూ సముద్రం దాటి ఓడల్లో వచ్చాయి. నాలుగైదొందల ఏళ్ళయిందేమో. పుట్టమన్నుకి అవి తెలియవు. నేను పుట్టమన్ను దగ్గర చదువు చెప్పించా."

శేషారత్నం కోడలి మొహంలోకి పరీక్షగా చూసింది, ఎండదెబ్బ తగిలిందేమోనని. "మిరపకాయ బయట్నించి వచ్చిందా? మరి అంతకు ముందు మనోళ్ళు పచ్చడి దేంతో చేసుకున్నారు?"

"మిరియాలతో."

ఇది నమ్మడానికి శేషారత్నానికి చాలాసేపు పట్టింది. తన ఊరి పేరు చెబితే పై ఊళ్ళ వాళ్ళకు ముందు గుర్తొచ్చేదే మిరపకాయ. అలాంటిదాన్ని పట్టుకుని ఆ మట్టి నువ్వెవరివని అడిగిందట.

"మరి నారు మీద చూశామన్నారుగా?"

"కొబ్బరిపొట్టులో చూశాం. పొట్టులో మట్టి లేదు, ఎరగమని చెప్పేవాళ్ళే లేరు. అక్కడ అది ఊరుకుంది. ఆ సంగతి నాకు తట్టి ఉండాల్సింది." బిందు లేచి చేతులు దులుపుకుంది. "యలమంద బాబాయి మోటారు ఆపించాలి. కింద చేలవాళ్ళందరికీ చెప్పాలి."

శేషారత్నం ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ క్షణంలో ఆమెకు చేను గుర్తు లేదు. కోడలి మీద ఊరు విరుచుకుపడటమే కళ్ళ ముందు కనిపించింది. "ఏమని చెప్తావ్? మోటారు పాడైందనో, నీళ్ళలో తెగులుందనో చెప్పు. అందరూ తెగులే అనుకుంటన్నారు. ఎవరికి తెలుసుద్ది? నీ మూడేళ్ళ కష్టం. నువ్వే వెళ్ళి నా వల్లనే అని చెప్పుకుంటే రేపటి నుంచి ఈ ఊళ్ళో ఎట్టా తిరుగుతావు?"

"తెగులని చెప్తే వాళ్ళు మందు కొని కొట్టి, మళ్ళీ తడి పెడతారత్తయ్యా."

శేషారత్నం చెయ్యి వదిలేసింది.

బిందు ఇంటికి కూడా పోకుండా గట్టెంబడే నడిచి, చేలో ఉన్న ప్రతి మనిషికీ ఉన్నదున్నట్టు చెప్పింది. శేషారత్నం వెనకే వెళ్ళింది, ఎవరైనా చెయ్యెత్తితే అడ్డుపడదామని. యలమంద చేనులో అప్పుడప్పుడే తలలు వాలుతున్నాయి. అతను అంతా విన్నాడు. తర్వాత నోటికొచ్చినట్టు తిట్టాడు. చదువుకున్నోళ్ళకి మా చేలే దొరికాయా అన్నాడు, ఈ పంట పోతే నన్నూ ఆ వాగులోనే పడెయ్యండన్నాడు. బిందు తల దించుకోలేదు, ఎదురు చెప్పనూలేదు. మొత్తం విని, "మోటారు మాత్రం వెయ్యకు బాబాయ్. వేస్తే ఉన్నది కూడా పోద్ది" అంది. శేషారత్నం ఒక అడుగు ముందుకేసి కోడలి పక్కన నిలబడింది. ఇట్లాంటి పిల్లను తన కొడుకు ఎట్లా మెప్పించాడో ఆమెకు ఇప్పటికీ అంతుబట్టదు.

ఇంటికొచ్చి బిందు దేవసహాయం గారికి ఫోను చేసింది. ఆనవాలును చంపే మందు వాళ్ళ దగ్గర ఉంది. వాగులో పోస్తే అంతా కడిగేస్తుంది. పోస్తే మాత్రం అడుగున మిగిలిన గుర్రపుడెక్క గింజలు మళ్ళీ లేస్తాయి. ఇంకా నిలదొక్కుకోని వట్టివేరును ఒక్క వర్షాకాలంలో మింగేస్తాయి. మరోసారి ప్రయత్నించడానికి ఎవరూ అనుమతివ్వరు. "నిర్ణయం నీదేనమ్మా" అన్నారాయన. "పొయ్యండి సార్, రేపు పొద్దున్నే పీపాలు పంపండి" అంది బిందు. ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. ఫోను పెట్టేసి, కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళి, అక్కడే ఉండిపోయింది.

ఎంతకీ రాకపోయేసరికి ఏడుస్తుందేమోనని శేషారత్నం వెళ్ళింది. బిందు ఏడవడం లేదు. కుళాయి పక్కనున్న రెండు మిరప మొక్కల ముందు గొంతుక్కూర్చుని ఉంది. కూరకని పెంచుకునే మొక్కలు. పచ్చగా, కాయలతో నిగనిగలాడుతున్నాయి.

"వీటికి ఏ నీళ్ళు పోస్తన్నారత్తయ్యా?"

"వాగు నీళ్ళే. కోటేశు డ్రమ్ములో పట్టుకొస్తాడుగా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"వాగు బాగుపడ్డకాడ్నించీ." అప్పుడు శేషారత్నానికీ వెలిగింది. ఆమె కూడా పక్కన కూర్చుంది.

బిందు వేళ్ళతో మట్టి తవ్వింది. నల్లగా, మెత్తగా ఉంది. మధ్యమధ్య ఎండు తొడిమలు, చివికిన గింజలు. శేషారత్నం కాపురానికి వచ్చినప్పటి నుంచీ కాయల తొడిమలు తీసి పారబోసింది అక్కడే. అంతకు ముందు ఆమె అత్తగారు, ఆవిడకు ముందు ఇంకెవరో. తాలుకాయలు, కారం కొట్టాక మిగిలిన పొట్టు, అన్నీ ఆ మూలకే. పెరట్లో మందు కొట్టాలని ఎవరికీ ఎప్పుడూ తట్టలేదు. చేలో మట్టి మిరపను ఏనాడో మరిచిపోయింది. ఈ పిడికెడు చోటు మరిచిపోలేదు. అక్కడ ఆనవాలు వచ్చి అడిగితే, మావాళ్ళేనని చెప్పినవి ఉన్నాయి.

"పొద్దున పీపాలు రానీ, పక్కన పెట్టిద్దాం" అంది బిందు. అప్పటికే పార కోసం చూస్తోంది.

పెరటి మట్టి కలిపిన నీళ్ళను తమ చేలో ఒక సాలుకు పోసి చూశారు. మర్నాటికి పూర్తిగా చచ్చినవి లేవలేదు గాని, సగం వాలినవి తలెత్తాయి. ఇక బిందు ఆగలేదు. మిగిలిన మట్టిని బెల్లం నీళ్ళలో వేసి, అందులో ఉన్నవి పెరగడానికి పీపాలో మురగబెట్టింది. ఒక పీపా సిద్ధమయ్యేసరికి రెండు రోజులు పట్టింది. ఇంకో పీపాకు పెరట్లో మట్టి లేదు, ఇంకెవరి పెరట్లోనైనా తవ్వాలి. ఈలోగా శేషారత్నం చేను పైభాగం పోయింది. కిందిభాగం ఇంకా ఊగిసలాడుతోంది.

పీపాను తోపుడు బండికెత్తి బిందు తెల్లవారగానే డొంకలోకి బయల్దేరింది. కోటేశు డ్యూటీలో ఉన్నాడు. శేషారత్నం చెంబులు, బకెట్లు పట్టుకుని వెనక నడిచింది. చేను మలుపు వచ్చింది. బండి మలుపు తిరగలేదు, నేరుగా పోతోంది.

"బిందూ, మన చేను దాటిపోయావు."

"తెలుసత్తయ్యా."

శేషారత్నం ఆగిపోయింది. ఎడమవైపు తన రెండెకరాలు. ఏ మొక్క ఎప్పుడు నాటిందో, ఏ సాలు ఎక్కడ వంకర పోయిందో ఆమెకు తెలుసు. సగం ఇంకా పచ్చగానే ఉంది. ఈ పీపాతో ఆ సగం దక్కుతుంది. ఆమె కళ్ళ ముందే అది వెళ్ళిపోతోంది.

"ఇంకో పీపా తయారయ్యేసరికి మనది ఉండదు" అంది.

బిందు బండి ఆపింది కానీ వెనక్కి తిరగలేదు. "మనది పోతే, నేను చేసింది మనింట్లోనే పోయిందనుకుంటాం. ఆయనది పోతే ఆయనేమనుకోవాలి? సొంత చేను కూడా కాదు." బండి కొయ్య వదలకుండానే, "మిమ్మల్నడక్కుండా బయల్దేరా. తప్పే. మీరు వద్దంటే తిప్పుతా" అంది.

శేషారత్నానికి కోపం వచ్చింది. దుఃఖం కూడా వచ్చింది. పచ్చటి సాళ్ళ వైపు ఒకసారి తనివితీరా చూసుకుంది. బకెట్లు బండి మీద పెట్టి, బిందు పక్కకు వెళ్ళి, కొయ్య పట్టుకుని తొయ్యడం మొదలెట్టింది.

"ఒక్కదానివే తోస్తే గుంటలో దిగబడుద్ది" అంది.

యలమంద గట్టు మీద కూర్చుని ఉన్నాడు. తమ చేను దాటి తన చేలోకి వస్తున్న బండిని చూసి లేచి నిలబడ్డాడు. బకెట్టు అందుకున్నాడు. ముగ్గురూ సాలు సాలునా చెంబులతో పోసుకుంటూ పోయారు. పొద్దెక్కాక అతని భార్య వచ్చింది, ఇంకొందరు వచ్చారు. బండి ఎటు నుంచి ఎటు వచ్చిందో మధ్యాహ్నానికి ఊరందరికీ తెలిసింది.

సాయంత్రానికి ఆడవాళ్ళు తమ పెరళ్ళ మట్టి తట్టల్లో తెచ్చి షెడ్డు ముందు పోశారు. అందరూ తేలేదు. కొందరి పెరళ్ళు సిమెంటు చేసేశారు, కొందరు తలుపే తియ్యలేదు. తెచ్చినంతలో ఇంకొన్ని పీపాలు అయ్యాయి, వాగు పొడవునా చేలు దక్కాయి. దేవసహాయం గారూ బిందూ ఆ మట్టితోనే ఆనవాలుకు మళ్ళీ మొదటి నుంచి చదువు చెప్పి వాగులో వదిలారు. ఈసారి అన్ని పంటలనూ మట్టిలోనే పెంచి, ఒకటికి పదిసార్లు చూశాకే వదిలారు. మందు పీపాలు మూత తియ్యకుండానే వెనక్కి పోయాయి. వట్టివేరు గట్టును పట్టేసింది. తుంగలోకి నీటికోళ్ళు వచ్చాయి.

శేషారత్నం చేను మాత్రం పూర్తిగా పోయింది.

ఆ వేసవిలో ఏడాదికి సరిపడా కారానికి ఆమె మిరపకాయలు కొనుక్కోవలసి వచ్చింది, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. సంగతి తెలిసి యలమంద ఒక బస్తా మోసుకొచ్చి వసారాలో దింపాడు. ఎంతకీ డబ్బు ముట్టుకోనన్నాడు. "మీ చేను కాయలే అనుకో అక్కా, నీకు అమ్ముతానా" అన్నాడు.

"మా చేను కాయలని ఎందుకనుకుంటా, నీవే" అంటూ శేషారత్నం డబ్బు అతని జేబులో కుక్కింది. "ఊరికే ఇచ్చావంటే మా కోడలు చేసినదానికి విలువ కట్టినట్టు అవుద్ది. అంత విలువ నీ దగ్గర లేదులే, తీసుకుపో."

యలమంద నవ్వుతూ వెళ్ళిపోయాడు. ఆమె బస్తా విప్పి, కాయలు చాప మీద పోసి, తొడిమలు తీయడానికి కూర్చుంది. ఎర్రగా, దిట్టంగా ఉన్నాయి. లోపల నుంచి బిందు వచ్చి పక్కన కూర్చుని తనూ ఒక గుప్పెడు ఒళ్ళో వేసుకుంది. శేషారత్నం ఒక కాయ విరిచి నాలుకకు తగిలించుకుంది.

"మంట బాగుందమ్మా" అంది.